చేతివాసి

నెత్తి మీద చేపల గంప ఉన్న మనిషి దాన్ని ఒక్కర్తే దింపుకోలేదు. వంగితే చేపలు జారిపోతాయి, కూర్చోబోతే మెడ పట్టేస్తుంది. అందుకే మా అత్త ఏ ఊరు వెళ్ళినా, ఏ గుమ్మం ముందు ఆగినా, ముందుగా చేపల పేరు చెప్పేది కాదు. "ఓ సెయ్యెయ్యమ్మా" అనేది. ఆ ఇంటావిడ వచ్చి ఒక చెయ్యి వేస్తే గంప కిందికి దిగేది. బేరం ఆ తరవాతే.

నేను తొమ్మిదేళ్ళుగా ఒకటి మోస్తున్నాను. చెయ్యి వెయ్యమని మొన్నమొన్నటిదాకా ఎవరినీ అడగలేదు. మా ఆయన్ని అడగలేదు, తోడబుట్టినవాణ్ణి అడగలేదు, ఆఖరికి దేవుడి ముందు కూడా నోరు విప్పలేదు. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అదే నయం. పేరు రాయను. భోగాపురం దాటాక సముద్రం ఒడ్డున ఉన్న పల్లెల్లో మాదొకటి, అంతవరకూ చాలు. పదో తరగతి చదివి ఆ ఊరికి కోడలిగా వచ్చాను. పెన్షను అర్జీ కావాలన్నా, పడవ పోయిందని కాగితం పెట్టాలన్నా అందరూ నా దగ్గరికే వస్తారు. ఊరందరివీ రాశాను. నాది రాసుకోవడం ఇదే మొదలు.

చెప్పేస్తాను. మా అత్త తాగే చుట్టల్లో గంజాయి కలిపాను. ఆవిడకి తెలియకుండా కలిపాను. గుండె ఆగి ఆవిడ పోయింది.

రాశాక మళ్ళీ చదువుకున్నాను. ఇంతేనా? ఇంత చిన్నదాన్నా నేను ఇన్నేళ్ళు మోసింది?

ఇంతే కాదు. ఇంకా ఉంది.

మా వైపు ఆడవాళ్ళు అడ్డపొగ తాగుతారు. చూడనివాళ్ళకి చెబితే నమ్మరు. చుట్ట ముట్టించి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. బయటికి కనిపించేది చల్లటి కొసే. సముద్రపు గాలికి ఆరిపోదు, బూడిద చేపల మీద రాలదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. మా అత్త నోట్లో నిప్పు పెట్టుకునే గంప ఎత్తుకునేది, బేరమాడేది, నన్ను తిట్టేది కూడా. అలాంటి చుట్ట చుట్టడం అందరికీ రాదు. వదులుగా చుడితే నిప్పురవ్వ నాలిక మీద పడుతుంది. పొగాకు మీద నీళ్ళు చిలకరించి, మెత్తబడ్డాక ఈనె తీసేసి, చిన్న ముక్కలు లోపల పేర్చి, పెద్దాకు పైన చుట్టి, అరచేత్తో దొర్లించి దారం కట్టాలి. పెళ్ళైన మొదటి ఏడాదే ఆ పని నాకొచ్చింది. రోజుకి నాలుగు.

ఇరవై రెండేళ్ళు చుట్టాను. ఇరవై రెండేళ్ళలో ఒక్కనాడు బాగుందన్న పాపాన పోలేదు. చుట్టే కాదు, దేన్నీ అనలేదు. పులుసు వండితే "సముద్రాన్ని తెచ్చి ఇందులో ఒంపేసావేటే?" అనేది. ఇల్లు ఊడిస్తే చీపురుకి చీవాట్లు పెట్టి నాకు వినిపించేది. చెడ్డ మనిషి అనను. నలభై ఏళ్ళు ఎండలో ఊళ్ళు తిరిగి, ఏ ఇంటికి ఏ చేప ఇష్టమో కాగితం లేకుండా గుర్తుపెట్టుకుని, మొగుడు పోయాక ఇద్దరు పిల్లల్ని నిలబెట్టిన మనిషి. మెచ్చుకోవడానికి ఆవిడకి తీరిక దొరకలేదు. ఇప్పుడిలా అనుకుంటున్నాను. అప్పుడు మాత్రం లోపల కాలేది.

డెబ్భై దాటాక మోకాళ్ళు పోయాయి. నలభై ఏళ్ళ గంప బరువంతా దిగి అక్కడే కూర్చున్నట్టు వాచిపోయాయి. ఊళ్ళు తిరగడం మానేసింది. అరుగు మీద సముద్రం వైపు తిరిగి కూర్చుని పొద్దస్తమానం మూలిగేది. నూనె రాశాను, కాపడం పెట్టాను, ఆర్.ఎం.పి. దగ్గర సూది వేయించాను. మా ఆయన అప్పట్లో గుజరాత్ వేట బోట్ల మీద ఉండేవాడు, వెళితే ఎనిమిది నెలలు. ఆ ఇంట్లో ఆవిడా నేనూ, ఆవిడ మూలుగూ.

నా తమ్ముడు సముద్రం వదిలేసి సాలూరులో లారీ ఎక్కినవాడు. కొండల్లో ఘాటీ రోడ్డు మీదుగా ఒడిశా వెళ్ళి వస్తుండేవాడు. ఒకసారి చూడ్డానికి వచ్చి, ముసలావిడ బాధ చూసి, మళ్ళీ వచ్చినప్పుడు ఒక పొట్లం చేతిలో పెట్టాడు. లారీవాళ్ళలో పెద్దాయన ఒకడు నడుం నొప్పికి ఇదే కాలుస్తాడట. "ఆకే కదప్పా. సుట్టలో సిటికెడు ఏసి సూడు" అన్నాడు. వాడి మీద నెట్టడానికి ఇది రాయడం లేదు. తెచ్చింది వాడు. కలిపింది నా వేళ్ళు.

అత్తతో చెప్పి కలపొచ్చు కదా అని మీరు అడుగుతారు. నేనూ అడుగుతూనే ఉన్నాను. జవాబు నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. చెబితే ఒప్పుకోదు. వలలు ఎండేసే చోట కుర్రాళ్ళెవరైనా గంజాయి తాగుతున్నారని తెలిస్తే మోకాళ్ళ నొప్పి మరిచిపోయి కర్ర పట్టుకుని లేచేది. ఒద్దంటుందని తెలుసు కాబట్టే చెప్పలేదు. అంటే ఏమిటి? ఆవిడ ఒంట్లోకి వెళ్ళేదాని గురించి ఆవిడ చెప్పాల్సిన మాట నేను ముందే విని, విననట్టు నటించాను. మంచి చేస్తున్నాను కదా అనుకున్నాను. నిజంగా మంచికేనా? ఆ మూలుగు వినలేక కాదా? రెండూ ఉన్నాయి. ఏది ఎంతో ఇప్పుడు తేల్చలేను.

మొదటి చుట్ట మధ్యాహ్నం ఇచ్చాను. పక్కనే ఎండు నెత్తళ్ళు పరిచి ఉన్నాయి, ఆ వాసనలో ఇంకో వాసన పైకి రాదు. పైగా ఏళ్ళ తరబడి ఎండుచేపల మధ్య బతికిన ఆవిడ ముక్కు ఎప్పుడో పని మానేసింది. తాగింది. కాళ్ళు బారజాపింది. చాలా రోజులకి మూలగకుండా నిద్రపోయింది. లేచి అన్నం అడిగింది, మారు వడ్డించమంది. చెయ్యి కడుక్కుంటూ నా వైపు చూసి ఒక మాట అంది.

"ఒసే, నీది సేతివాసే. నువ్వు సుట్టిన సుట్ట తాగితే నొప్పి నొప్పిలాగ లేదే."

చేతివాసి అని ఎవరిని అంటారో మీకు తెలుసు. అదే మాత్ర, అదే కషాయం, ఒకరిస్తే పనిచెయ్యదు, ఇంకొకరిస్తే రోగం దిగిపోతుంది. ఆ ఇచ్చే చేతిలో ఏదో ఉందంటారు. ఇరవై రెండేళ్ళు చీపురు పట్టిన చెయ్యి, అంట్లు తోమిన చెయ్యి, ఆవాళ చేతివాసి ఉన్న చెయ్యి అయింది. నేను వంటింట్లోకి వెళ్ళి నా అరచేతులు చూసుకున్నాను. నవ్వకండి. చూసుకున్నాను.

అక్కడ ఆపి ఉంటే ఒక్క రోజు తప్పుగా మిగిలేది. ఆపలేదు. నొప్పి తగ్గింది కాబట్టి ఆపలేదని ఏళ్ళ తరబడి నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆ మాట మళ్ళీ వినాలని ఆపలేదు. ఆవిడ ఊరుకుందా? అరుగు ముందు నుంచి వెళ్ళే ప్రతి మనిషినీ ఆపి చెప్పేది. "మా కోడలి సేతివాసి సూడండే. డాకటేర్లు సెయ్యలేంది అది సేత్తో సేసినాది." ఆవిడ ఈడు ముసలమ్మలు తమకీ చుట్టి పెట్టమని వచ్చేవారు. పొగాకు అయిపోయిందని పంపేసేదాన్ని. ఇవ్వనందుకు ఇంకా గొప్పదాన్నయ్యాను.

మూడో నెలలో మొదలైంది. అరుగు మీంచి లేస్తే కళ్ళు తిరుగుతున్నాయనేది. తూలి స్తంభం పట్టుకునేది. ఒకరోజు నా చెయ్యి తీసుకుని రొమ్ము మీద పెట్టుకుంది. "గుండికాయ సూడే, వల్లో పడ్డ సేపలాగ కొట్టుకుంటన్నాది" అంది. నా చేతికి తగిలింది. కొట్టుకోవడం కాదు, తన్నుకోవడం. కాసేపు పరుగు, కాసేపు ఏమీ లేదు, మళ్ళీ పరుగు. ఎండకి అన్నాను. ఖాళీ కడుపున చుట్ట తాగితే అంతే అన్నాను. సాయంత్రం ఉప్పూ ఎండుమిరపకాయలూ ఆవిడ చుట్టూ తిప్పి దిష్టి తీసి పొయ్యిలో వేశాను. ఎవరి దిష్టి తీశాను నేను? దిష్టి తీసిన చేత్తోనే మర్నాటి చుట్ట చుట్టాను.

ఆ మరుసటి వారం ఒక పొద్దున్న నూతి దగ్గర కూలబడిపోయింది. పెదాలు తెల్లగా అయిపోయాయి, ఒళ్ళంతా చెమట. ఆటోలో విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారంతా నా ఒళ్ళో తల పెట్టుకుని నా చెయ్యి పట్టుకునే ఉంది. అదే చెయ్యి.

ఇప్పుడు చెప్పబోయే నాలుగు మాటలే అసలు బరువు. గంజాయి కలపడం కాదు. అది తెలివితక్కువతనం అనుకోవచ్చు. ఇది తెలిసి చేసింది.

డాక్టరు చిన్నవాడే, ఓపిక ఉన్నవాడు. ఈసీజీ తీయించి ఆ కాగితం చూశాడు. టార్చి వేసి నోరు తెరవమన్నాడు. అంగిలి కాలి చిట్లిపోయి ఉంటుంది కదా, చూడగానే కనిపెట్టాడు.

"అడ్డపొగా మామ్మగారూ? ఎన్నాళ్ళ నుంచి?"

"నా పెళ్ళి కాణ్ణుంచీ బాబూ."

"చుట్ట ఒక్కటేనా? అందులో ఇంకేమైనా కలుపుతారా? గంజాయి లాంటిది? తిట్టడానికి అడగడం లేదు. గుండె ఇంత వేగంగా, ఇలా లయ తప్పి ఎందుకు కొట్టుకుంటోందో తెలిస్తే మందు సరిగ్గా ఇవ్వగలను."

నేను నోరు విప్పేలోపు మా అత్త నవ్వింది. అంత నీరసంలోనూ నవ్వింది.

"గంజాయా? ఆ ఎదవ సరుకు మా గుమ్మం తొక్కదు బాబూ. నా సుట్టలు ఇదే సుడతాది, మా కోడలు. దీని సేతిలో పొగాకు తప్ప మరేటీ ఉండదు. కావాలంటే దీన్నడుగు."

డాక్టరు నా వైపు చూశాడు. "ఏమ్మా?"

"అవును బాబూ" అన్నాను.

ఒక్క మాట. ఆయన దాన్ని కాగితం మీద రాసుకున్నాడు. కలం కదలడం చూశాను. ఊరందరి కాగితాలూ రాసేదాన్ని, కాగితం మీద పడ్డ మాటకి ఎంత బలమో నాకంటే ఎవరికి తెలుసు? ఆ మాటని బట్టే మందులు రాశాడు. దడ తగ్గడానికి ఒకటి, రక్తం గడ్డకట్టకుండా ఒకటి. చుట్ట పూర్తిగా మానెయ్యమన్నాడు.

పోలీసులకి భయపడ్డానని తరవాత నాకు నేను చెప్పుకున్నాను. తమ్ముడి లారీ పోతుందని, వాడు జైలుకెళతాడని, మా ఆయన గుజరాత్ నుంచి వచ్చి గుమ్మం దాటనివ్వడని. ఇవన్నీ నిజమైన భయాలే, కానీ ఇవన్నీ ఇంటికొచ్చే దారిలో పుట్టాయి. ఆ క్షణంలో నాకు కనిపించింది ఆవిడ ముఖం ఒక్కటే. ఎంత ధీమా ఆ ముఖంలో. నా తరఫున ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఒకరి ముందు హామీ పడింది. ఆ హామీని నేను ఆవిడ కళ్ళ ముందే అబద్ధం చెయ్యాలి. చెయ్యలేకపోయాను. ఆవిడ ప్రాణం కంటే ఆవిడ మెప్పు నాకు ఎక్కువైంది. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది. అయినా ఇదే నిజం.

ఇంటికొచ్చాక చుట్టలు మాన్పించాలని చూశాను. నలభై యాభై ఏళ్ళ అడ్డపొగ డాక్టరు మాటతో ఆగుతుందా? నాలుగు నుంచి రెండుకి తగ్గించాను. ఉత్త పొగాకే చుట్టాను. పొట్లం మాత్రం పారెయ్యలేదు. బియ్యం డబ్బా వెనక దాచాను. సముద్రం గుమ్మం ముందే ఉంది, నాలుగడుగులు వేస్తే చాలు. ఎందుకు పారెయ్యలేదు?

నొప్పి తిరిగొచ్చింది. మూలుగు తిరిగొచ్చింది. రెండు దమ్ములు పీల్చి చుట్ట తీసి ఇసకలో గిరాటు పెట్టేది.

"దీన్లో నీ సెయ్యి లేదే" అనేది.

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. ఒకరోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నేను ఎన్నడూ వినని మెత్తటి గొంతుతో అడిగింది. "నామీద నీ మనసు ఇరిగిపోయినాదేటే? ఆసుపత్రి సాకిరీ సేయించినానని కోపమేటి?" మనసు విరిగితే చేతివాసి పోతుందని ఆవిడ నమ్మకం. ఇన్నాళ్ళూ నాతో కటువుగా ఉన్నందుకు నొచ్చుకుంటోంది. నా ముందు తల దించుకుంది, ఆ మనిషి. అప్పుడైనా చెప్పొచ్చు. నా మనసు కాదత్తా, అది ఆకు అని చెప్పొచ్చు.

సాయంత్రం సగం చిటికెడు వేసి చుట్టాను. సగమే కదా అనుకున్నాను. ఎందులో సగం? విషానికి కొలత నాకెవరు నేర్పారు?

పీల్చి, కళ్ళు మూసుకుని, "ఇదీ" అంది. అంతే. నా చెయ్యి నిమిరింది.

తరవాత మూడు వారాలు ఉంది. మాత్రలు వేళ తప్పకుండా నేనే ఇచ్చాను. ఒక చేత్తో దడ తగ్గే మాత్ర, ఇంకో చేత్తో దడ పెంచే చుట్ట. అప్పుడు అది పెంచుతుందని ఖాయంగా తెలియదు అంటే నిజమే. తెలుసుకోవాలనుకోలేదు అంటే అదీ నిజమే.

ఆ పొద్దున్న వేటకెళ్ళిన పడవలు తిరిగొస్తున్నాయి. అత్త అరుగు మీద కూర్చుని ఉంది, నోట్లో చుట్ట ఉంది. కూరకి నాలుగు చేపలు తెస్తానని ఒడ్డుకెళ్ళాను. తిరిగొచ్చేసరికి అలాగే కూర్చుని ఉంది, స్తంభానికి ఆనుకుని, కళ్ళు సముద్రం వైపే. చుట్ట నోట్లోనే ఉంది. ఆరిపోయింది.

పిలిచాను. భుజం పట్టుకుని కదిపాను. అర్థమైంది.

ఆ తరవాత నేను చేసింది ఎవరికీ తెలియదు. గొల్లుమని ఏడవాలి కదా, పక్కింటివాళ్ళని పిలవాలి కదా. ముందు ఆవిడ పెదాల మధ్య నుంచి ఆ చుట్ట తీశాను. దారం విప్పాను. లోపలిది పొయ్యిలో పోశాను. బియ్యం డబ్బా వెనక పొట్లం తీసి అదీ పొయ్యిలోనే వేశాను. చేతులు కడుక్కున్నాను. అప్పుడు బయటికొచ్చి ఏడ్చాను. ఏడుపు మాత్రం దొంగ ఏడుపు కాదు. దయచేసి అది నమ్మండి.

ఊరంతా ఒకటే మాట. పుణ్యాత్మురాలు, మంచాన పడకుండా, కోడలి చేతి చుట్ట నోట్లో ఉండగానే పోయింది. మా ఆయన గుజరాత్ నుంచి దినం నాటికి అందుకున్నాడు. పోయినవాళ్ళకి ఇష్టమైనవన్నీ ఆకులో పెడతారు కదా. నెత్తళ్ళ ఇగురు పెట్టారు, కల్లు పెట్టారు. చుట్ట దగ్గరికొచ్చేసరికి అందరూ నా వైపు చూశారు. "నువ్వే సుట్టి పెట్టమ్మా. నీ సేతి సుట్టంటే ఆవిడకి పేణం" అన్నారు. అందరి ముందూ కూర్చుని చుట్టాను. ఉత్త పొగాకు. ఆవిడే ఉండి ఉంటే రెండు దమ్ములు పీల్చి విసిరేసేది. ప్రతి ఏడాదీ ఆ రోజుకి అలాగే ఒకటి చుట్టి పెడుతున్నాను.

గంజాయి వల్లే పోయిందా? నాకు తెలియదు. ఈ ముక్క నిజాయితీగా రాయాలి. వయసు ఉంది, యాభై ఏళ్ళ పొగాకు ఉంది, గుండె అప్పటికే అలిసి ఉండొచ్చు. కలపకపోయినా పోయేదేమో. ఈ "ఏమో" నన్ను బతికించింది, ఇదే నన్ను తినేసింది కూడా. డాక్టరు అడిగినప్పుడు నిజం చెప్పి ఉంటే ఈ ఏమో ఉండేది కాదు.

ఈ ఏడు ఎండాకాలం మా ఊరి బడిలో వైద్య శిబిరం పెట్టారు. కొత్తగా కడుతున్న విమానాశ్రయం వైపు వెళ్ళే లారీల దుమ్ముకి దగ్గులూ ఆయాసాలూ ఎక్కువయ్యాయని అందరం వెళ్ళాం. పరీక్షలయ్యాక డాక్టరమ్మ ముసలివాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడింది. చుట్ట గురించి చెప్పింది. తరవాత గంజాయి గురించి చెప్పింది. ఈ మధ్య నొప్పులకనీ, నిద్రకనీ పెద్దవాళ్ళు కూడా చాటుగా వాడుతున్నారట. అది తాగితే గుండె ఉన్నట్టుండి పరుగెత్తుతుందట. బీపీ ఒకసారి ఎక్కి, లేచి నిలబడితే ఒకసారి పడిపోతుందట. పడుచు గుండె అయితే తట్టుకోవచ్చు, వయసు మీదపడి అప్పటికే జబ్బున్న గుండెకి అది పోటు దాకా తేవచ్చట. రక్తం పలచబరిచే మాత్రలతో అసలు పడదట. వెనక నుంచి ఒక ముసలాయన, నొప్పి తగ్గుతుందంటారు కదమ్మా అని అడిగాడు. నొప్పి తెలియకపోవచ్చు తాతా, గుండె పడే కష్టం కూడా నీకు తెలియదు అంది. పోలీసులకి చెప్పడం మా పని కాదు, ఏం వాడినా మా దగ్గర మాత్రం దాచకండి, దాస్తే మేం కళ్ళకి గంతలు కట్టుకుని మందిచ్చినట్టే అంది.

కళ్ళు తిరగడం. స్తంభం పట్టుకోవడం. వల్లో చేప. వరసగా నా ఇంటి సంగతులే చెబుతోంది. నా పక్కన మా ఆయన కూర్చుని ఉన్నాడు. ఆయన గుజరాత్ మానేసి మూడేళ్ళయింది. అరవై దాటాడు. బీపీ ఉంది, గుండెకీ ఏదో తేడా ఉందని రోజూ మూడు మాత్రలు వేసుకుంటాడు. ఆ మాత్రలు నేను చేత్తో ఇస్తేనే వేసుకుంటాడు. వాళ్ళమ్మని నేను చూసుకున్నట్టు ఎవరూ చూసుకోలేరని కనిపించినవాళ్ళందరికీ చెబుతాడు. ఆవాళా డాక్టరమ్మకి చెప్పాడు. నేను నేల చూస్తూ కూర్చున్నాను.

తరవాత వారానికి ఆయన మోకాలు వాచింది. నేను పెరట్లో బూడిద వేసి చేపలు తోముతున్నాను. వచ్చి పక్కన రాయి మీద కూర్చుని కాలు చాపుకుని అన్నాడు.

"ఒసే, అమ్మకి సుట్టినట్టు నాకూ ఓటి సుట్టియ్యవే. నీ సేతివాసి నాకూ పనిసేస్తాదేమో."

వేళాకోళంగానే అన్నాడు. నవ్వుతున్నాడు. నా చేతిలో చేప జారి బూడిదలో పడింది. ఇంక తిరగడానికి చోటు లేదు. ఆ ముఖంలో అదే ధీమా. వాళ్ళమ్మదే.

"నా సేతిలో ఏటీ లేదు మావా" అన్నాను. "సుట్టలో ఉన్నాది. గంజాయి కలిపినాను. ఆసుపత్రిలో అడిగితే లేదన్నాను."

నవ్వు వెంటనే పోలేదు. కొంచెంసేపు అలాగే ముఖాన ఉండిపోయింది. తరవాత ఒక్కటే అడిగాడు.

"అమ్మకి తెల్సా?"

"తెలీదు."

లేచి కుంటుకుంటూ వెళ్ళి అరుగు మీద, వాళ్ళమ్మ కూర్చునే చోట సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. నేను చేపలు కడిగాను. వండాను. పిలిస్తే వచ్చి తిన్నాడు. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో కూడా అనలేదు.

అది జరిగి నేటికి ఆరు రోజులు. తిట్టలేదు. కొట్టలేదు. పోనీలే అనీ అనలేదు. అంటాడని నేను ఎదురుచూడటం లేదు, అది అనాల్సిన మనిషి ఆయన కాదు కూడా. అనాల్సిన మనిషి నన్ను మెచ్చుకుంటూ పోయింది.

ఈ పొద్దున్న మాత్రల వేళకి ఎప్పటిలాగే నీళ్ళ గ్లాసుతో వెళ్ళాను. ఆయన అప్పటికే డబ్బా తీసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కో మాత్ర పేరూ కూడబలుక్కుని చదువుతున్నాడు. మూడూ తనే తీసుకున్నాడు. నా చేతిలో నీళ్ళు మాత్రం అందుకున్నాడు.

నాకు ఏడుపు రాలేదు. తిరిగొచ్చి ఇక్కడ కూర్చుని మీకు రాస్తున్నాను. తొమ్మిదేళ్ళుగా ఈ చెయ్యి గురించి ఊరు చెప్పుకున్నదంతా అబద్ధమని నేను చెప్పగా విన్న మనిషి ఇప్పుడు ఒకరున్నారు. మీతో ఇద్దరు. మెడ ఇంకా నొప్పిగానే ఉంది. కానీ గంప కింద ఉంది.